గ్యాస్ పోలేదు, సెన్సార్ పోయింది

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఒంగోలులో మా ఏసీ ఆన్ చేసిన కాసేపటికే కంప్రెసర్ ఆగిపోయేది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూ ఉండేది, గది చల్లబడేది కాదు. చూడటానికి వచ్చిన మెకానిక్ గ్యాస్ నింపాలన్నారు. కానీ కంప్రెసర్ నడిచినంతసేపూ గాలి చాలా చల్లగా వస్తోంది కదా, గ్యాస్ తగ్గితే అలా ఎలా వస్తుందని నా అనుమానం.

ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే స్విచ్) ఆపేసి ఇండోర్ యూనిట్ మూత తీశాను. లోపల రెండు సెన్సార్లుంటాయి. గాలిని చల్లబరిచే కాయిల్‌కున్న రాగి గొట్టంలో దూర్చినది ఒకటి, గది గాలిని కొలిచేది ఇంకొకటి. మా మోడల్‌లో గది సెన్సార్ 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) చూపించే రకం. వేడి పెరిగితే దీని రెసిస్టెన్స్ తగ్గాలి. గదిలో 35 డిగ్రీలుంటే ఆరున్నర కిలో ఓమ్‌లు చూపించాలి. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 18 చూపించింది! అంటే ఏసీని నడిపే బోర్డు లెక్కలో గది 12 డిగ్రీల్లో ఉన్నట్టు. 24కి సెట్ చేస్తే కంప్రెసర్ ఆగక ఏం చేస్తుంది? గుప్పిట్లో పట్టుకున్నా అంకె సరిగా దిగలేదు. కాయిల్ సెన్సార్ బాగానే ఉంది.

స్పేర్ పార్టుల షాపుకి పాతదాన్ని తీసుకెళ్లి అదే విలువది తెచ్చాను. ఇది ముఖ్యం, 5 కిలో ఓమ్‌లది పెడితే మళ్లీ తప్పు లెక్కే. కొత్తపట్నంలాంటి సముద్రపు ఊళ్లలో అయితే ముందు కనెక్టర్ పిన్నులు చూడండి. ఉప్పు గాలికి తుప్పు పట్టినా రీడింగ్ ఇలాగే పెరుగుతుంది.