బూస్ట్ కన్వర్టర్ లోడ్ పెట్టగానే చతికిలబడుతోందా?

బూస్ట్ కన్వర్టర్ అంటే తక్కువ వోల్టేజ్‌ని ఎక్కువ చేసే సర్క్యూట్. ఇక్కడ 5 వోల్టుల్ని 12 చెయ్యాలి. లక్షణం: లోడ్ (దాంతో నడిపే పరికరం) లేనప్పుడు 12 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది. లోడ్ తగిలించగానే ఏడుకో ఎనిమిదికో జారిపోతుంది. వెంటనే అందరి చెయ్యీ ఐసీ (కన్వర్టర్‌ని నడిపే చిప్) మీదికే పోతుంది. ఆగండి. లోడ్ నడుస్తుండగానే మల్టీమీటర్‌తో ఇన్‌పుట్ వోల్టేజ్ కొలవండి. అడాప్టర్ దగ్గర కాదు, మాడ్యూల్ ఇన్‌పుట్ ప్యాడ్ల మీదే. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటీ చెయ్యరు!

కారణం: ఎక్కువసార్లు వైర్లే. 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ అంటే 6 వాట్లు. సామర్థ్యం 85 శాతం అనుకుంటే లోపలికి 7 వాట్లు వెళ్లాలి, అంటే 5 వోల్టుల సప్లై నుంచి 1.4 ఆంపియర్లు. సన్నటి జంపర్ వైర్లు, వదులు బ్రెడ్‌బోర్డ్ కలిసి అర ఓమ్ ఉన్నా 0.7 వోల్టు దారిలోనే పోతుంది. అసలు తిరకాసు ఇక్కడే. మామూలు రెసిస్టర్ అయితే వోల్టేజ్ తగ్గితే కరెంటూ తగ్గిస్తుంది. కన్వర్టర్‌కి కావాల్సింది ఆ 7 వాట్లు, కాబట్టి ఇంకా ఎక్కువ లాగుతుంది. దాంతో వోల్టేజ్ ఇంకా పడుతుంది. అర ఓమ్ దగ్గర ఎలాగో 4.2 వోల్టుల చుట్టుపక్కల నిలదొక్కుకుంటుంది. అదే ఒక ఓమ్ అయితే ఇక నిలవదు. 5 వోల్టుల నుంచి ఒక ఓమ్ గుండా ఎంత లాగినా 6.25 వాట్లకు మించి రావు మరి.

నేనూ దీనికి రెండు సాయంత్రాలు బలిచ్చాను. రెండు ఐసీలు మార్చాను, కాయిల్ మార్చాను. అడాప్టర్ దగ్గర మీటర్ 4.98 చూపిస్తుంటే సప్లై మీద అనుమానమే రాలేదు. తీరా ప్యాడ్ల మీద పెడితే 3.6.

పరిష్కారం: బ్రెడ్‌బోర్డ్ తీసెయ్యండి. పొట్టి, లావు వైర్లు నేరుగా సోల్డర్ చెయ్యండి. ఇన్‌పుట్ ప్యాడ్ల మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం మంచిదే, కానీ అది స్విచింగ్ (ఐసీ కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చెయ్యడం) వల్ల వచ్చే కుదుపులనే ఆపుతుంది. వైర్లో పోయే వోల్టేజ్‌ని తెచ్చిపెట్టదు.

లక్షణం: అవుట్‌పుట్ ఇన్‌పుట్ కన్నా కాస్త తక్కువగా ఉండిపోయింది, ఎంతకీ పెరగదు. స్విచింగ్ జరగట్లేదన్నమాట. ఇన్‌పుట్ నుంచి కాయిల్, డయోడ్ గుండా అవుట్‌పుట్‌కి నేరుగా దారి ఉంటుంది కాబట్టి ఐసీ నిద్రపోతున్నా అంత వోల్టేజ్ వస్తూనే ఉంటుంది. ఐసీని ఆన్ చేసే ఎనేబుల్ పిన్ చూడండి. ఎంటీ3608 లాంటి మాడ్యూళ్ల మీద అవుట్‌పుట్ వోల్టేజ్‌ని సరిచేసే చిన్న పొటెన్షియోమీటర్‌ని నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తే చాలదు. పది, పదిహేను తిప్పుల దాకా ఏ మార్పూ కనిపించకపోవచ్చు.

డయోడ్ కాలిపోతోందా? ఎవరో 1ఎన్4007 అనే మామూలు డయోడ్ పెట్టి ఉంటారు. ఈ స్విచింగ్ వేగానికి అది పనికిరాదు, వేగంగా పనిచేసే షాట్కీ డయోడ్ వెయ్యండి. కాయిల్ మరిగిపోతుంటే దాని సాచురేషన్ కరెంట్ (కాయిల్ సరిగ్గా పనిచేసే గరిష్ఠ కరెంట్) చాలట్లేదు, పెద్దది వెయ్యండి. అవుట్‌పుట్ అదుపు తప్పి పైకి పోతే అవుట్‌పుట్ ఎంతుందో ఐసీకి తెలియజేసే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఊడిందేమో చూడండి. ఐసీయే చెడిపోవడం కూడా ఉంటుంది, కానీ దాని వంతు అన్నిటికన్నా చివర్న.