మృగశిర కార్తె లోపు పాత ఎస్‌యూవీకి చూసుకోవాల్సినవి

మృగశిర అంటే హైదరాబాద్‌లో అందరికీ చేపలు గుర్తొస్తాయి, నాకు మాత్రం బండి ఎర్త్ వైరు గుర్తొస్తుంది. మాది 2009 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. ఇంజిన్ ఇప్పటికీ గట్టిదే, కానీ వానలు మొదలయ్యాయంటే ఏదో ఒకటి మొరాయిస్తుంది, అదీ సరిగ్గా ఆఫీసుకి లేటయిన రోజే. ఇన్నేళ్లకి నాకు అర్థమైంది ఏంటంటే, ఇలాంటి బండికి వానాకాలం తంటాలు చాలా వరకు తీగ వదులయ్యో, తుప్పు పట్టో, నీళ్లు పోయే దారి పూడుకుపోయో వస్తాయి. మనమేమో ముందు సామాను మార్చేస్తాం.

నేనూ అదే చేశాను. ఒకరోజు పొద్దున సెల్లార్‌లో తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, మీటర్ లైట్లన్నీ మసకబారాయి, అంతే. దగ్గర్లోని మెకానిక్ సెల్ఫ్ మోటార్ పోయిందన్నాడు, మార్పించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే 'టక్'. ఈసారి రాణిగంజ్ వైపు ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, దగ్గరికి తోయించుకుని వెళ్లాను. ఆయన మల్టీమీటర్ తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి "సెల్ఫ్ కొట్టండి సార్" అన్నాడు. మీటర్‌లో 1.4 వోల్టులు. "సెల్ఫ్ మంచిగనే ఉంది సార్, ఎర్త్ పోయింది" అని ఇంజిన్ నుంచి చాసిస్‌కి పోయే జడలాంటి రాగి పట్టీ బోల్టు విప్పి చూపించాడు. దాని కింద పచ్చగా పిండి పూసి ఉంది. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. నేను పారేయమన్న పాత సెల్ఫ్ మోటార్ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు.

ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో మామూలు మల్టీమీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉండాలి, 12.2 చూపిస్తే సగం ఖాళీ అయినట్టు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, అంతకంటే బాగా తక్కువుంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమో వైపో, దాన్ని తిప్పే బెల్ట్ వైపో చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోవస్తోందని లెక్క. ఎర్త్ దగ్గర, నేను పైన చెప్పినట్టు కొలిస్తే, అర వోల్టు దాటకూడదు. సెల్ఫ్ మోటార్ ఒకేసారి వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి కొంచెం తుప్పు కూడా దానికి పెద్ద అడ్డే. విప్పేటప్పుడు ముందు మైనస్ తీయండి, బిగించేటప్పుడు మైనస్ చివర్లో పెట్టండి, లేకపోతే పానా బాడీకి తగిలి నిప్పులు రాలతాయి.

ఫ్యూజుల విషయంలో ఒకటే మాట. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. ఎరుపుది మాటిమాటికీ పోతోందని పసుపుది పెట్టొద్దు. అలా పెడితే ఫ్యూజు కాలదు, తీగ కాలుతుంది, బండికే మంటలు అంటుకోవచ్చు. హారన్ మోగకపోతే దాని రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్ డబ్బీ, తీసి అదే నంబర్ ఉన్న ఇంకో రిలే అక్కడ పెట్టి చూడండి, మోగిందంటే రిలేనే పోయింది. ఇక ఎలుకలు. వాన పడితే వెచ్చగా ఉంటుందని బానెట్ కిందికి చేరి తీగలు కొరుకుతాయి, కాబట్టి వారానికోసారైనా బానెట్ ఎత్తి టార్చ్ వేసి చూడండి.

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూశారా, దాన్ని మాత్రం మర్చిపోవద్దు. మే, జూన్‌లో గుల్మొహర్ చెట్టు కింద బండి పెట్టేవాళ్లయితే మరీను. మాది తీసి చూస్తే ఎర్ర రేకలు, ఆకులు కుళ్లి పేడముద్దలా గట్టిపడి ఉన్నాయి. నీళ్లు బయటికి పోవాల్సిన రంధ్రం మూసుకుపోతే ఆ నీళ్లు ఏసీ బ్లోవర్ మీదకో, డాష్‌బోర్డ్ కింది ఫ్యూజు బాక్సు మీదకో దిగుతాయి. చెత్త తీసి ఒక మగ్గు నీళ్లు పోయండి, అవి చక్రం వెనకనుంచి కింద కారితే దారి తెరుచుకున్నట్టే. తలుపుల అడుగు అంచున ఉండే చిన్న కన్నాల్లో కూడా పుల్లతో ఒకసారి గుచ్చండి.

టైర్ల గాడులు 1.6 మిల్లీమీటర్ల కంటే అరిగితే మార్చాల్సిందే, స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడండి, వైపర్ రబ్బర్లు ఎండకి గట్టిపడి ఉంటాయి కాబట్టి ఎలాగూ మార్చండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటితే తీసేయించండి, అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డీజిల్ బండైతే ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలించమని చెప్పండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. బండి ఎత్తుగా ఉంది కదా అని మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కిందో టోలీచౌకిలోనో నిలిచిన నీళ్లలోకి దూసుకెళ్లొద్దు. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం మూతి ఎక్కడుందో ఈ ఆదివారం బానెట్ ఎత్తి కనిపెట్టండి. చాలా బండ్లలో అది హెడ్‌లైట్ వెనకాలే ఉంటుంది, మనం అనుకున్నంత ఎత్తున ఉండదు, పైగా పక్కనుంచి బస్సు పోతే వచ్చే అల ఇంకో అడుగు లేస్తుంది. ఆ గొట్టంలోంచి ఇంజిన్‌లోకి నీళ్లు చేరితే పనైపోయినట్టే. గాలి నొక్కుకుపోతుంది, నీళ్లు నొక్కుకుపోవు, కాబట్టి పిస్టన్ పైకి వచ్చేసరికి దాన్ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండి నీళ్లలో ఆగిపోతే ఇంకోసారి సెల్ఫ్ కొట్టకండి, ఎంత మంది వెనక హారన్ కొట్టినా సరే. తాళం తీసి, దిగిపోయి, లాగించుకెళ్లి ముందు ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూపించండి. నీళ్లు చేరి చెడిన ఇంజిన్‌కి మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకోవాలి, ఎంత పాత బండికి ఇస్తారో రెన్యువల్‌కి ముందే అడగండి. సెంట్రల్ లాక్ తడిస్తే పనిచేయకపోవచ్చు, అద్దం పగలగొట్టే చిన్న సుత్తిని డిక్కీలో కాకుండా సీటు పక్కన పెట్టుకోండి.

నీళ్లు దాటాక కొంచెం దూరం బ్రేక్ మెల్లగా తొక్కుతూ పోండి, ఆరేదాకా అవి సరిగ్గా పట్టవు. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, మునిగి ఉంటే తర్వాత ఆయిల్ చూపించండి, పాలలా ఉంటే నీళ్లు చేరినట్టే.

సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లకి హైదరాబాద్‌ని వరద ముంచిన 2020 అక్టోబర్ 13 రాత్రి గుర్తుండే ఉంటుంది. పెద్ద వాన హెచ్చరిక వస్తే బండిని సాయంత్రమే పైకి తెచ్చి ఎత్తైన రోడ్డు మీద పెట్టండి, నీళ్లు తోడే మోటార్ ఉంది కదా అని కూర్చోవద్దు, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. మునిగిన బండి దొరికితే తాళం తిప్పకుండా ముందు బ్యాటరీ మైనస్ విప్పాలి, కానీ అదీ నీళ్లు పూర్తిగా తీశాకే. మీటర్ బోర్డులు కూడా ఆ సెల్లార్‌లోనే ఉంటాయి, కరెంటు తీసేశారని ఖాయంగా తెలిసేదాకా బండి కోసం మెట్లు దిగకండి, పోతే పోనివ్వండి.