ట్రోలింగ్ నేర్చుకుందాం, 4వ పాఠం: కెరటాల్లో పడవ నిలకడ

ట్రోలింగ్ అంటే నడుస్తున్న పడవ వెనక గేలాలు లాక్కుంటూ చేపలు పట్టడం. పోయిన పాఠంలో గేలాలు ఎంత దూరం వదలాలో, దేనికి ఎంత బరువు కట్టాలో చూశాం. అదంతా నీళ్లు నెమ్మదిగా ఉన్నప్పటి మాట. మన విశాఖలో అలాంటి నీళ్లు తెల్లవారుజామున కాసేపు దొరుకుతాయి. ఫిబ్రవరి, మార్చిలో అయితే ఎండెక్కే కొద్దీ దక్షిణం వైపు నుంచి సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నం దాటేదాకా పెరుగుతూనే ఉంటుంది. ఆ నీళ్లలో ఇరవై అడుగుల ఫైబర్ పడవని, వెనక గేలాలు లాక్కుంటూ, బోల్తా పడకుండా, లోపల ఉన్నవాళ్ల నడుములు విరగకుండా ఎలా నడపాలన్నదే ఈ పాఠం.

ముందు ఒక లెక్క. విసుక్కోకండి, మిగతా పాఠమంతా దీనిమీదే నిలబడి ఉంది.

అందరూ కెరటం ఎత్తు చూసి భయపడతారు. నన్నడిగితే చూడాల్సింది ఎత్తు ఒక్కటే కాదు, ఎన్ని సెకన్లకి ఒకటి వస్తోందన్నది. రెండు మీటర్ల కెరటమైనా 12 సెకన్లకొకటి వస్తుంటే దానిమీద కూర్చుని టీ తాగొచ్చు, మీటరు కెరటమే 4 సెకన్లకొకటి వస్తే కప్పు నోటిదాకా రాదు. లోతు నీళ్లలో రెండు కెరటాల మధ్య దూరం తెలియాలంటే ఆ సెకన్లని అదే అంకెతో గుణించి, మళ్లీ 1.56తో గుణించండి, మీటర్లలో వస్తుంది. 12 సెకన్లకి దాదాపు 225 మీటర్లు, 4 సెకన్లకి 25 మీటర్లే. ఎత్తు సగమే అయినా వాలు ఎంత నిటారుగా ఉంటుందో చూడండి.

ఇంకా ఉంది. ఆ 4 సెకన్ల కెరటం సెకనుకి ఆరు మీటర్ల పైచిలుకు పరిగెడుతుంది. వంజరం కోసం మనం 5 నాట్ల వేగంతో వెళ్తున్నామనుకోండి, అంటే సెకనుకి రెండున్నర మీటర్లు. కెరటాలకి ఎదురెళ్తే మూడు సెకన్లకో దెబ్బ తగులుతుంది. అవి పోయే వైపే వెళ్తే దాదాపు ఏడు సెకన్లకొకటి. సముద్రం అదే, ఇంజిన్ స్పీడూ అదే, పడవ ముక్కు తిరిగిన వైపు మారిందంతే.

ఇప్పుడు మీ పడవ సంగతి. ప్రతి పడవకీ సొంత ఊపు ఒకటుంటుంది. ఐస్ పెట్టె, ఆయిల్ డబ్బాలు, మనుషులు అన్నీ వేటకెళ్లేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే సర్ది, ఒడ్డున నీళ్లు కదలని చోట తాళ్లు వదులు చేసి, ఒక పక్క అంచుని గట్టిగా కిందకి నొక్కి వదిలేయండి. ఎడమకి వెళ్లి, కుడికి వెళ్లి, మళ్లీ ఎడమకి వస్తే ఒక ఊపు. చిన్న పడవ తొందరగానే ఆగిపోతుంది కాబట్టి మూడు నాలుగు ఊపులకి టైమ్ చూసి భాగించండి, అలా రెండు మూడుసార్లు చేయండి. చిన్న పడవల్లో చాలావాటికి రెండు మూడు సెకన్లు వస్తుంది. పక్క నుంచి తగిలే కెరటాలు సరిగ్గా అదే లెక్కన వస్తున్నాయా, ఇక అంతే, ఉయ్యాలని సరైన సమయానికి తోస్తున్నట్టు ఊగు పెరుగుతూ పోతుంది. అప్పుడు చుక్కాని గట్టిగా పట్టుకుని బిగుసుకుపోతే లాభం లేదు. పడవని ఇరవై ముప్ఫై డిగ్రీలు పక్కకి తిప్పండి, తగిలే లెక్క మారిపోతుంది, ఊగు దానంతటదే తగ్గుతుంది.

బరువు విషయం తొందరగా చెప్పేస్తాను. బరువైనవన్నీ కింద, మధ్యలో, తాడుతో కట్టి ఉండాలి. అన్నిటికంటే చెడ్డ బరువు అడుగున చేరిన నీళ్లు. యాభై లీటర్లంటే యాభై కిలోలు, అదీ పడవ ఎటు వంగితే అటే పరిగెత్తే యాభై కిలోలు. ఇంకేం చేస్తున్నా ఆపి ముందు అది తోడేయండి. దాని తర్వాతి స్థానం ఫోటో కోసం లేచి నిలబడే ఫ్రెండ్‌ది!

కెరటాలకి ఎదురెళ్లేటప్పుడు నేరుగా గుద్దకండి. జాలారిపేటలో ఒక పెద్దాయన మాట, "కెరటాన్ని పొడవకు బాబూ, ఒరుసుకుంటూ పో." అంటే ముప్ఫై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలుగా. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి, శిఖరానికి చేరే ముందే తగ్గించాలి, లేకపోతే ముక్కు గాల్లోకి లేచి అవతల దబ్బున పడుతుంది. భయపడి స్పీడ్ మరీ తగ్గించేస్తే ఇంకో తంటా, చుక్కానికి నీటి ఒత్తిడి చాలక మాట వినదు, పడవ తిరిగి పక్కని కెరటానికి అప్పగిస్తుంది.

కెరటాలతో పాటు వెళ్లడం హాయిగా ఉంటుంది, ప్రమాదం కూడా అక్కడే. మన తీరంలో మధ్యాహ్నం ఒడ్డుకి తిరిగొచ్చేటప్పుడు చాలాసార్లు కెరటం వెనక నుంచే ఉంటుంది. పడవ వెనక భాగం లేవగానే జారుడు మొదలవుతుంది, ముక్కు కిందకి దిగుతుంది, వెనక భాగం ఒక పక్కకి కొట్టుకుపోబోతుంది. వెనక లేస్తున్నట్టు అనిపించగానే యాక్సిలరేటర్ తగ్గించి కెరటాన్ని ముందుకి పోనివ్వండి, అది దాటగానే మళ్లీ ఇవ్వండి. గేలం తాళ్లు చూస్తూ ఉండండి. జారేటప్పుడు అవి సర్రున బిగుసుకుంటాయి, కెరటం దాటాక సడలుతాయి. అలా బిగుసుకుంటూ సడలుతూ ఉంటే ఎర సరిగా ఈదదు, చేప కొట్టదు. తాడు ఒకేలా లాగుతోందంటే పడవ నిలకడగా ఉన్నట్టే లెక్క. గేలాలన్నీ లోపలికి తీసేశాక కూడా జారుడు ఆగకపోతే, ఒక గట్టి బకెట్‌ని పది మీటర్ల తాడుతో వెనక నుంచి వదలండి, పట్టి ఆపుతుంది. తాడు మాత్రం ఇంజిన్ ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) చుట్టుకోకూడదు.

మలుపు తిప్పాలంటే ఓపిక పట్టండి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, ఆ గుంపు పోయాక కాస్త తెరిపి ఉంటుంది, తిప్పితే అప్పుడే. లోపలి వైపు గేలం మునుగుతుంది కాబట్టి దాన్ని ముందే కాస్త దగ్గరికి లాక్కోండి.

చేప పడగానే చాలామంది ఇంజిన్ ఆపేస్తారు. ఆపకండి. ముక్కు కెరటం వైపు వాలుగా ఉండేలా మెల్లగా నడుపుతూనే ఉండండి, లాగేవాడు మోకాళ్ల మీద కూర్చుని లాగాలి. తాడుని ఎప్పుడూ పక్క అంచుకి కట్టకూడదు, గేలం ఎవరి వలకైనా తగులుకుంటే ఆ పక్కే పడవ వంగిపోతుంది. కత్తి చేతికి అందేచోట, లైఫ్ జాకెట్ ఒంటిమీద.

ఇక చోటు సంగతి. డాల్ఫిన్ నోస్ కొండ కింద, హార్బర్ రాతి గోడల దగ్గర గేలాలు లాగొద్దు. వచ్చిన కెరటం రాతికి తగిలి వెనక్కొస్తుంది, వచ్చేదీ పోయేదీ కలిసి ఎటు నుంచి తగులుతుందో తెలియని నీళ్లవుతాయి, అక్కడ పై లెక్కలేవీ పనిచేయవు. అలాగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ప్రవాహం సాధారణంగా దక్షిణానికి పోతుంది. ఆ రోజుల్లో దక్షిణం గాలి వీచిందంటే గాలీ ప్రవాహం ఎదురెదురై కెరటాలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు ఇచ్చే సముద్ర సూచనలో కెరటం ఎత్తుతో పాటు గాలి, ప్రవాహం కూడా ఉంటాయి, మూడూ చూసి బయల్దేరండి.

వచ్చే పాఠం దాకా మీ పని, మీ పడవ ఊపు ఎన్ని సెకన్లో కొలిచి రాసుకోవడం. ఒకసారి ఖాళీగా, ఒకసారి పూర్తి బరువుతో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి కొలవడానికి టైమ్ బోలెడు. ఐదో పాఠంలో ఊగే పడవలోకి పెద్ద వంజరాన్ని ఎక్కించడం చూద్దాం.