రాజకీయం మీద కథో కవితో రాయాలనిపించినప్పుడు ఏం చేయాలి

ఒకసారి నేను బతికున్న మనిషికి నివాళి కవిత రాశాను. ఏదో ఆందోళనలో తలకి దెబ్బ తగిలి ఒక కుర్రాడు చనిపోయాడని రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో చూశాను. పదిన్నరకల్లా ఇరవై పంక్తులు రాసేసి అందరికీ పంపేశాను. కళ్లు చెమర్చాయని మెసేజ్‌లు కూడా వచ్చాయి. తెల్లారాక తెలిసింది, కుర్రాడు ఆస్పత్రిలో ఉన్నాడు, ఆరు కుట్లు పడ్డాయి, ప్రాణానికి ఢోకా లేదు. సంతోషించాల్సిన సంగతే. కానీ ఆ పొద్దున నాకు ముందు కలిగింది సంతోషం కాదు, కవిత పాడైపోయిందే అన్న చిరాకు. ఆ చిరాకు చూసుకుని నాకే సిగ్గేసింది. వార్తల మీద ఎలా రాయాలన్నది నేను సీరియస్‌గా పట్టించుకోవడం ఆ సిగ్గుతోనే మొదలైంది.

కింద రాసేదంతా అప్పట్నుంచి కిందా మీదా పడి నేను కుదుర్చుకున్న పద్ధతి. కథకో, కవితకో, నాటకానికో పనికొస్తుంది. సంపాదకీయాలు రాసేవాళ్లకి పనికిరాదు, వాళ్లు సాయంత్రానికల్లా కాపీ ఇవ్వాలి, వాళ్ల టెన్షన్ వేరు.

ముందు కోపమంతా కాయితం మీద కక్కేయండి. తారీఖు వేసి, తప్పొప్పులు చూసుకోకుండా, తిట్లుంటే తిట్లతో సహా. ఎవరికీ చూపించకండి, ఎక్కడా పెట్టకండి. దీన్ని నేను చిత్తుప్రతి అని కూడా అనను, కక్కు పేజీ అంటాను, పేరు వింటేనే ఇంకొకరికి చూపించబుద్ధి కాకూడదని. ఈ పని ఎందుకంటే, మింగేసిన కోపం ఊరికే పోదు, కొన్నాళ్లకి పాత్రల నోట్లోంచి బయటికొస్తుంది. కథలో డ్రైవరు, నర్సు, పదేళ్ల పిల్ల, ఆ పిల్ల అమ్మమ్మ అందరూ ఒకే ఉపన్యాసాన్ని వంతులేసుకుని చదువుతున్నట్టు ఉంటారు. అలాంటి కథలు నావే నాలుగైదున్నాయి, ఇప్పుడు చదవాలంటే నాకే ధైర్యం చాలదు.

తర్వాత మూడు రోజులు ఆగండి. మూడే ఎందుకు అంటే పెద్ద శాస్త్రమేమీ లేదు, నాకు కుదిరింది, మీకు వారం పట్టొచ్చు. ఈలోగా వార్త ఎలాగూ రంగు మారుస్తుంది. చనిపోయినవాళ్ల సంఖ్య మారుతుంది, పేరు తప్పని తేలుతుంది, అందరూ పంచుకున్న వీడియో రెండేళ్ల కిందటిదని బయటపడుతుంది. మూడో రోజున కక్కు పేజీ తెరవకుండా, ఫోన్ పక్కన పెట్టేసి, ఆ వార్తలో మీకు ఇంకా ఏం గుర్తుందో అది మాత్రం రాయండి. వాదనలు గుర్తుండవు, గమనించండి. ఏదో ఒక వస్తువో, ఎవరో అన్న చిన్న మాటో, ఒక మనిషి నిలబడ్డ తీరో గుర్తుంటుంది. మీ సరుకు అదే.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి నేను చేసిందే చూపిస్తాను. ఓటర్ల జాబితాలో పేర్లు గల్లంతయ్యాయన్న వార్త ఒకటి నన్ను బాగా కుదిపింది. ఆ రోజు కక్కు పేజీలో మొదటి వాక్యం: ప్రజాస్వామ్యాన్ని పట్టపగలు ఖూనీ చేశారు. ఈ వాక్యాన్ని నాకంటే ముందు ఎన్ని వేలమంది రాసుంటారో. మూడో రోజున చూసుకుంటే నాకు గుర్తున్నది టీవీలో రెండు క్షణాలు కనబడ్డ ఒక ముసలాయన వేలు. గోడకి అంటించిన జాబితా మీద పైనుంచి కిందకి జారుతోంది. అంతే. ఆయన మొహం కూడా గుర్తులేదు. ఆ వేలు పట్టుకుని కూర్చుంటే ఇది వచ్చింది:

"నీ పేరు లేదు తాతా," అన్నాడు కుర్రాడు.

పెద్దాయన వేలు ఇంకో రెండు గళ్లు కిందకి దిగి ఆగింది.

"ఇది మా ఆవిడ పేరు."

"అయితే ఆవిణ్ణి రమ్మను, వేసి వెళ్తుంది."

"పోయి రెండేళ్లయింది బాబూ."

కుర్రాడు లైను వంక చూశాడు. పెద్దాయన వేలు ఆ పేరు మీంచి తీయలేదు.

ఇందులో ప్రజాస్వామ్యం అన్న మాట లేదు, పార్టీ లేదు, ఖూనీ లేదు. కుర్రాడు కూడా దుర్మార్గుడేం కాదు, ఎవరో తయారుచేసిన జాబితా వాడి చేతిలో పెట్టి కూర్చోబెట్టారు. భార్య సంగతి నేను కల్పించిందే. కాకపోతే పోయినవాళ్ల పేర్లు ఉండిపోవడం, ఉన్నవాళ్ల పేర్లు పోవడం కల్పన కాదు, ఓటర్ల జాబితాలు నడిచే ప్రతిచోటా వచ్చే రెండు పెద్ద తప్పులు అవే. వార్తల్లో ఆ రెండూ వేర్వేరు అంకెలుగా కనిపిస్తాయి. ఆ రెండు అంకెల్నీ తీసుకొచ్చి ఒకే ఇంట్లో పెట్టాను, నేను చేసిన పని అంతవరకే. మీరూ ప్రయత్నించి చూడండి: వార్తలో విడివిడిగా ఉన్న రెండు నిజాలు ఒకే మనిషికి తగిలితే ఏమవుతుందో.

ఇదేదో నేను కనిపెట్టిందని అనుకోకండి. కన్యాశుల్కం తొలి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల (అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల) జాబితాని విజయనగరం మహారాజు తయారు చేయించాడని, అది పూర్తి జాబితా కాకపోయినా 1,034 పెళ్లిళ్లు తేలాయని. ఐదేళ్లకే పెళ్లయిన పిల్లలు 99 మంది. ఏడాది వయసువాళ్లు ముగ్గురు. ఏడాది అంటే ఇంకా నడక కూడా సరిగ్గా రాని వయసు! చేతిలో ఇంత నిప్పు పెట్టుకుని ఆయన ఏం చేశాడు? ఆ లెక్కని ముందుమాటలో వదిలేసి నాటకంలోకి గిరీశాన్ని తెచ్చాడు. అప్పులు ఎగ్గొట్టే, కోతలు కోసే, సంస్కరణ మీద ఉపన్యాసాలు దంచే గిరీశాన్ని. 1,034 అన్న అంకె మనలో ఎవరికీ గుర్తులేదు, గిరీశం మాత్రం ఇప్పటికీ మన మాటల్లో తిరుగుతూనే ఉన్నాడు. ఇంకో సంగతి, 1892లో ఆడించి 1897లో అచ్చేసిన ఆ నాటకాన్ని 1909 నాటికి ఆయన దాదాపు కొత్తగా తిరగరాశాడు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. మనకేమో మూడు రోజులు ఆగమంటే ప్రాణం పోతుంది.

కాబట్టి లెక్కలు తెలుసుకోండి, వీలైనంత లోతుగా తెలుసుకోండి, కానీ కథలో కుక్కకండి. అవి మీకు తెలిసి ఉంటే పాత్ర తప్పటడుగు వేయదు, అది చాలు.

మరి వేడి మీద రాసినవేవీ నిలబడవా అంటే, నిలబడతాయి. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లో గెర్నికా అనే పట్టణం మీద బాంబులు వేశారు. మే 1న పికాసో మొదటి స్కెచ్‌లు వేశాడు, జూన్ మొదట్లోకల్లా దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడున్నర మీటర్లకు పైగా వెడల్పు ఉన్న బొమ్మ పూర్తయింది. ఐదు వారాలు. ఈ కథ చెప్పి "చూశారా, ఆవేశం ఉంటే చాలు" అంటారు కొందరు, నాకు ఒళ్లు మండుతుంది. పారిస్ ప్రదర్శన కోసం ఏదైనా వేసిపెట్టమని స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ని అడిగింది ఆ ఏడాది జనవరిలో. ఏప్రిల్ దాకా ఆయనకి సరైన విషయమే తట్టలేదు. తీరా వేసిన బొమ్మలో చూడండి, విమానం లేదు, బాంబు లేదు, జెండా లేదు. ఎద్దు, గుర్రం, చచ్చిపోయిన బిడ్డని ఎత్తుకున్న తల్లి, పైన ఒక కరెంటు బల్బు. ఆ ఎద్దుని, ఆ గుర్రాన్ని ఆయన అంతకుముందు ఏళ్ల తరబడి గీస్తూనే ఉన్నాడు. అవన్నీ చేతిలో సిద్ధంగా ఉన్నాయి, ఘోరం జరిగిన రోజున వాటికి పని పడింది. ఐదు వారాలనేది చివరి లెక్క మాత్రమే.

మనకి దీన్నుంచి పనికొచ్చేది చాలా మామూలు సంగతి. ఏ వార్తా లేని రోజుల్లో రాసుకోవాలి. ఎవరో సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్న తీరు, డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లు ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగిచూడటం, ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశాక కుర్చీలు ఎలా వేసుకుంటారు, ఇలాంటివి, రోజుకి నాలుగు పంక్తులు. ఎందుకు పనికొస్తాయో అప్పుడు తెలియదు. పైన చెప్పిన ముసలాయన సీనులో కుర్రాడు జవాబు చెప్పకుండా లైను వంక చూస్తాడే, అది నేను ఎప్పుడో ఒక బ్యాంకు కౌంటరు దగ్గర చూసి రాసిపెట్టుకున్నది.

ఇక మాటల సంగతి. రాజకీయం మీద రాసేవాడికి అసలు కసరత్తు ఇక్కడే ఉంటుంది. "కాల్పుల్లో ముగ్గురి మృతి" అని పేపర్లో వస్తుంది. కాల్చిందెవరు? ఆ "ల్లో" చాటున నిలబడి ఉన్నారు. "ఉద్రిక్తత నెలకొంది" అంటారు, మబ్బు పట్టినట్టు తనంతట తనే నెలకొందన్నమాట. "ఇళ్ల తొలగింపు", "పరిస్థితి అదుపులోనే ఉంది", "చట్టం తన పని తాను చేసుకుపోతుంది". కర్త లేకుండా బతికేయడం మన భాషలో చాలా సులువు, అందుకే అధికారులకి అది అంత ఇష్టం. రక్షణ లేని ఊళ్ల మీద బాంబులేసి దానికి శాంతి నెలకొల్పడం అని పేరు పెడతారని జార్జ్ ఆర్వెల్ 1946లోనే ఒక వ్యాసంలో తిట్టిపోశాడు, ఏ భాషలోనైనా ఇదే తంతు. కసరత్తు ఏంటంటే, అలాంటి వాక్యం ఒకటి తీసుకుని కర్తని పెట్టి తిరగరాయండి. ఎవరు, ఎవరిని, ఏం చేశారు. కర్త దొరకకపోతే ఎక్కడ దాక్కున్నాడో వెతకండి, చాలాసార్లు కథ అక్కడే ఉంటుంది.

మర్యాద ప్రత్యయాలు కూడా చూసుకోండి. నాయకుడు "కన్నుమూశారు", కూలీ "మృతి చెందాడు". మంత్రిగారు "వచ్చారు", నేరం ఇంకా రుజువు కాని మనిషి "పట్టుబడ్డాడు". ఇవి మనకి తెలియకుండానే కలంలోంచి వచ్చేస్తాయి. ఒక కథలో నేను కావాలని వీటిని తారుమారు చేశాను, కూలీకి "రు" పెట్టి మంత్రికి "డు" పెట్టాను. చదివిన ఇద్దరు స్నేహితులు మంత్రి దగ్గర అచ్చుతప్పు ఉందని ఫోన్ చేశారు! నేనేం చెప్పదలచుకున్నానో వాళ్లే చెప్పేశారు.

మీకు గిట్టని పక్షంవాడు కథలోకి వస్తే వాడికి మంచి డైలాగ్ ఇవ్వండి. దయతో కాదు, స్వార్థంతో. వాడు వెర్రివాడైతే వాణ్ణి ఓడించడంలో మీ గొప్పేముంది? నేనైతే ఆ డైలాగుల వరకు తీసి, ఆ పార్టీని నమ్మే మిత్రుడికి చదివి వినిపిస్తాను. "మేం ఇలా అనం రా" అంటే తిరగరాస్తాను. ఒకసారి అయితే వాడే ఒక మాట సరిచేసి ఇచ్చాడు, కథ మొత్తంలో జనానికి నచ్చింది ఆ మాటే, నాకు కొంచెం కుళ్లుగా కూడా అనిపించింది.

అన్నిటినీ కథ చేయాలనీ లేదు. మీ దగ్గర పేర్లు, కాగితాలు, ఆధారాలు ఉంటే కథ ముసుగు ఎందుకు, వ్యాసం రాయండి. ఎమిల్ జోలా అప్పటికే పేరుమోసిన ఫ్రెంచి నవలాకారుడు. డ్రేఫస్ అనే సైనికాధికారికి అన్యాయంగా శిక్ష వేశారని నమ్మినప్పుడు దాన్ని నవలగా మార్చలేదు. 1898 జనవరి 13న లోరోర్ పత్రిక మొదటి పేజీలో దేశాధ్యక్షుడికి బహిరంగ లేఖ రాసి, బాధ్యుల్ని పేరుపేరునా నిలదీశాడు. పరువునష్టం కేసులో శిక్ష పడి ఇంగ్లండ్‌కి పారిపోవాల్సి వచ్చింది. ఆ దారిలో వెళ్లేవాళ్లు ప్రతి వాక్యానికీ రుజువు దగ్గర పెట్టుకుని, అచ్చుకి ముందు ఒక లాయరుకి చూపించుకుని వెళ్లాలి. ఆధారం లేక కేవలం అనుమానం ఉంటే మాత్రం, పేరు మార్చి కథలో ఇరికించి జనం పోల్చుకునేలా వదలడం పిరికిపని, ఒక్కోసారి కేసు కూడా అవుతుంది.

వార్తలు ఎంత చూడాలి? నిద్ర లేవగానే వద్దు, రాసే పని అయ్యాక చూడండి. అంతకుమించి దీని మీద చెప్పేదేం లేదు. ఒక్కోసారి దేశం తగలబడుతుంటే మీకు పిల్లి గురించో, పాత స్నేహితురాలి గురించో రాయాలనిపిస్తుంది. రాసుకోండి. ఎవరైనా "ఇప్పుడా ఇది?" అంటే అననివ్వండి. రెండు వారాలు బలవంతంగా సామాజిక బాధ్యత మోసి రాసిన కవితకంటే ఆ పిల్లే నయమనిపించిన సందర్భాలు నాకు బోలెడున్నాయి.

ముసలాయన కథ ఇంకా పూర్తి కాలేదు. జాబితా దగ్గర్నుంచి బయటికొచ్చాక ఆయన్ని ఎటు పంపాలో తేలడం లేదు. ఇంటికి పంపితే జాలి కథ అయిపోతోంది. ధర్నాకి పంపితే ఆయన పోయి నేను మాట్లాడుతున్నాను. ఏడో ప్రతి నడుస్తోంది. ప్రస్తుతానికి గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులేసుకుంటున్నాడు, ఒక చెప్పు కనిపించడం లేదు.