తోటలో సోలార్ బ్యాటరీ ఉన్నవాళ్లకి ఒక మాట
కరెంటు లైను రాని తోటలో ఉండేవాళ్లం ప్యానెళ్లు రోజూ తుడుస్తాం గానీ బ్యాటరీ వైపు చూడం. ఎండాకాలంలో ట్యూబులర్ బ్యాటరీలో నీళ్లు తొందరగా తగ్గుతాయి కాబట్టి 15 రోజులకోసారి ఫ్లోట్లు (మూతల మీద నీటి మట్టం చూపించే పుల్లలు) చూసుకోండి, తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు పోశారో అందులోని లవణాలు లోపలి ప్లేట్లను పాడుచేస్తాయి. మా మొదటి బ్యాటరీ అలాగే 2 ఏళ్లకే పోయింది, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

టెర్మినళ్ల (వైర్లు బిగించే కొనల) మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టిందా? లోడంతా, అంటే బ్యాటరీ మీద నడిచేవన్నీ ఆపి, ప్యానెల్ స్విచ్ కట్టేసి, ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు తీసి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బుసబుసా నురగ పొంగుతుంది, అది ఆగాక తుడిచి, వైర్లు బిగించి, పైన వాసెలిన్ రాయండి. సోడా నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా మూతల్లోంచి లోపలికి పోకూడదు.

ఇంకోటి, తెల్లవారుజామున లోడ్ ఏమీ లేనప్పుడు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టి చూడండి. 12 వోల్టుల బ్యాటరీ 12.2 చూపిస్తే దాదాపు సగం ఖాళీ అయినట్టే, ఆ రోజు మబ్బుగా ఉంటే ఫ్రిజ్, మిక్సీ పక్కన పెట్టి లైట్లకే వాడుకోండి.