డల్హౌసీ బిరుదు ఎవరికి పోయింది? స్కాట్లాండ్ వారసత్వం తేల్చుకునే పద్ధతి

హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. దత్తత చెల్లదంటూ సతారా, ఝాన్సీ కలిపేసుకున్న గవర్నర్ జనరల్ డల్హౌసీ పాఠం రాగానే పిల్లలు "ఆయనకు కొడుకులున్నారా టీచర్?" అంటారు. లేరు, ఇద్దరూ కూతుళ్లే. మరి ఆ స్కాట్లాండ్ ప్రభువు బిరుదు ఎవరిదైంది? ఇలా తేల్చండి.

ముందు ఆయన బిరుదులన్నీ విడివిడిగా, ఇచ్చిన ఏడుతో సహా రాయండి. ఎర్ల్ (ప్రభువుల్లో ఒక హోదా) బిరుదు 1633 నాటిది, తాతముత్తాతల నుంచి వచ్చింది. దానికంటే పై హోదా అయిన మార్క్విస్ బిరుదు 1849లో, పంజాబ్ ఆక్రమణ తర్వాత, ఆయనకే ఇచ్చారు.

తర్వాత సన్నదులో, అంటే బిరుదు ఇచ్చిన రాజపత్రంలో, వారసులెవరన్నారో చూడండి. కీలకమంతా ఇక్కడే. మార్క్విస్ బిరుదు ఆయన సొంత మగ సంతతికే కాబట్టి 1860లో ఆయనతోనే అంతరించింది. ఎర్ల్ బిరుదుకు మాత్రం పైతరం మగవాళ్ల శాఖలూ లెక్కకొస్తాయి. కాగితం మీద వంశవృక్షం గీసి, మగ సంతతి లేకుండా పోయినవాళ్లను ఎర్ర పెన్సిల్‌తో కొట్టేయండి. చెరపొద్దు, దారి తెలియాలి. తండ్రి దగ్గర ఎవరూ మిగలకపోతే తాత దగ్గరికెక్కి, ఆయన తర్వాతి కొడుకు శాఖలోకి దిగండి. అలా దిగితే డల్హౌసీ బాబాయి కొడుకు ఫాక్స్ మాల్ తగులుతాడు. 1874లో ఆయనా పిల్లలు లేకుండా పోతే, అదే తాతగారి ఇంకో కొడుకు శాఖలోని జార్జ్ రామ్సే ఎర్ల్ అయ్యాడు. దత్తపుత్రులకు ఈ బిరుదులు ఇప్పటికీ దక్కవు.

కూతుళ్లే ఉన్నారని ఆ శాఖను వెంటనే కొట్టేయకండి, కొన్ని బిరుదులు ఆడవాళ్లకూ వెళ్తాయి. 1941లో కెన్యాలో ఎరోల్ ఎర్ల్ హత్యకు గురైతే, ఆ పాత స్కాటిష్ బిరుదు ఆయన ఒక్కగానొక్క కూతురు డయానాకు వచ్చింది. ఆయనకే ఉన్న కిల్మార్నాక్ బారన్ బిరుదు 1831 నాటిది, మగవాళ్లకే. అది తమ్ముడికి పోయింది. ఒకే చావు, ఇద్దరు వారసులు! ఆడవాళ్లకు వెళ్లే స్కాటిష్ బిరుదైతే పెద్ద కూతురిదే, పంపకం ఉండదు.

సన్నదే దొరకకపోతే చిక్కే. 1866లో మార్ ఎర్ల్ సంతానం లేకుండా పోయాడు. బిరుదు తనదని మేనల్లుడు, కాదు తనదని మగవాళ్ల వైపు జ్ఞాతి అయిన కెల్లీ ఎర్ల్ పట్టుబట్టారు. 1565లో స్కాట్లాండ్ రాణి మేరీ ఇచ్చింది కొత్త బిరుదని, పత్రం లేదు కాబట్టి మగవాళ్లకే అనుకోవాలని 1875లో బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభ, అప్పటికే చనిపోయిన ఆ జ్ఞాతి కొడుక్కి ఇచ్చింది. మేనల్లుడికి ఇది ఘోరమైన అన్యాయమని నా అభిప్రాయం. చివరికి 1885లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి పాత బిరుదు ఆయనదేనంది. అందుకే మార్ పేరుతో ఇప్పుడు రెండు ఎర్ల్ బిరుదులున్నాయి. మీ కాగితం మీద రెండింటికీ వేర్వేరు గీతలు గీయండి.