ఆస్‌బెస్టాస్ రేకులు దించడం – మూడో పాఠం: పైకెక్కకుండా విప్పడం

మీ ఇంటి రేకులో ఆస్‌బెస్టాస్ ఉందో లేదో తేల్చుకునే పద్ధతి కిందటి పాఠంలో చూశాం. కొన్నప్పటి కాగితాలు లేక, ల్యాబు పరీక్షా చేయించకపోతే ఉందనే అనుకుని పని మొదలుపెట్టాలి. ఈసారి దించే పని.

సిమెంటు రేకులో ఆస్‌బెస్టాస్ పీచు దాదాపు పదో వంతే. రేకు బాగున్నంత కాలం అది సిమెంటులో ఇరుక్కునే ఉంటుంది. కోసినా, విరిచినా, గీకినా గాల్లోకి లేస్తుంది. కంటికి కనబడదు, పీల్చిన వెంటనే తేడా తెలియదు. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. అందుకే ‘వందల రేకులు దించాం, మాకేమైంది?’ అనే మేస్త్రీల మాటను నేను లెక్కలోకి తీసుకోను. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, ఇంకా అన్నేళ్లు గడవలేదంతే. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో ఆస్‌బెస్టాస్‌ను నిషేధించాయి. అక్కడ ఈ పని చేసేవాళ్లకు శిక్షణ తప్పనిసరి. మన దగ్గర రేకుల మీద నిషేధం లేదు, దించే పని ఎవరు దొరికితే వాళ్లదే.

అయితే పనిరోజున ప్రాణం తీసేది దుమ్ము కాదు, పైనుంచి పడడం. పాత రేకు మనిషి బరువుకు ఏ హెచ్చరికా లేకుండా విరుగుతుంది. బోల్టుల వరస మీద కాలేస్తే ఏం కాదని చాలామంది నమ్ముతారు. దాన్ని నమ్ముకుని ఎక్కకండి.

అసలు చిక్కు ఇక్కడుంది. దుమ్ము లేవకూడదంటే రేకును తడపాలి. తడిసిన రేకు, అందులోనూ నాచు పట్టినది, కాలు పెడితే జారుతుంది. మామూలుగా పనివాళ్లు తడపడం మానేసి పైకెక్కుతారు. మనం తడుపుదాం, ఎక్కడం మానేద్దాం. మిగతా పాఠమంతా ఈ నిర్ణయం మీదే ఆధారపడి ఉంది.

ముందు మెయిన్ ఆపేయండి, ఫ్యాను వైర్లు రేకుల కిందే ఉంటాయి కదా. గదిలో సామాను తీసేసి నేల మీద మందపాటి పాలిథీన్ పరవండి. పిల్లల్ని వేరే ఇంటికి పంపండి. పక్కింటివాళ్లకు చెప్పి కిటికీలు మూయించండి, నీళ్ల డ్రమ్ముల మీద మూతలు పెట్టించండి. గది లోపల కదలని ఇనప పరంజా నిలబెట్టండి. నిచ్చెన చాలదు, రెండు చేతులూ పనిలో ఉంటాయి.

మాస్కు సంగతి. కర్చీఫ్, సర్జికల్ మాస్కు పనికిరావు, ఎన్95 కూడా ఈ పనికి చాలదు. ముక్కూ నోరూ కప్పే రబ్బరు హాఫ్ మాస్కు, దానికి అతి సన్నని దుమ్మును కూడా ఆపే పీ100 రకం ఫిల్టర్లు కొనండి. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది, ఆ రోజుకు గీసేయాల్సిందే.

తడపడానికి చిన్న చేతి స్ప్రేయర్ చాలు. పొలంలో పురుగుమందు కొట్టినది మాత్రం వద్దు. నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే నీరు రేకులోకి బాగా ఇంకుతుంది. బైకులు కడిగే ప్రెషర్ పంపు జోలికి పోకండి, అది పీచును చిమ్ముతుంది. రేకు అడుగు భాగం, బోల్టు చుట్టూ, ఒకదాని మీద ఒకటి ఎక్కిన అంచులు మర్చిపోకుండా తడపండి.

ఇక బోల్టు. రేకును ఇనప పైపుకు బిగించేది జె అక్షరంలా వంగిన జె బోల్టు. దాని కొక్కెం రేకు కింద పైపును పట్టుకుని ఉంటుంది, నట్టు రేకు పైన ఉంటుంది. జనం పైకెక్కేది ఆ నట్టు కోసమే. నట్టును వదిలేయండి. పరంజా మీద నిలబడి, కొక్కెం వంపు దగ్గర బోల్టు కట్టర్‌తో కత్తిరించండి. గ్రైండర్ వాడితే ఇంతసేపు తడిపింది వృథా. చెక్క దూలాలకు మేకులతో బిగించిన రేకులైతే ఈ ఉపాయం పారదు. అంచు రేకును బయటి పరంజా మీంచి తీసి, ఆ ఖాళీలోంచి తల బయటపెట్టి పక్క రేకు మేకులు లాగాలి.

వేసిన వరసకు తిరగేసి విప్పాలి, అంటే కొప్పు నుంచి చూరు వైపు. మూడు మీటర్ల రేకు బరువు 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. పరంజా మీద ఇద్దరు, కింద అందుకోవడానికి ఇద్దరు కావాలి. ఒక రేకు మీద ఇంకో రేకు జార్చి లాగితే రెండూ గీసుకుంటాయి, అందుకే ఎత్తి దించాలి. కింద పడేయడం అసలే వద్దు.

తుపానుకు ముక్కలైన కప్పు సంగతి వేరే పాఠంలో చెబుతాను. అప్పటిదాకా ఆ ముక్కల్ని కోళ్ల గూటికో, దారిలో గుంతలు పూడ్చడానికో వాడకండి, చీపురుతో ఊడవకండి.

వచ్చే పాఠం రేకులు చుట్టి పంపించడం గురించి. ఈలోపు అభ్యాసం: గదిలో నిలబడి పైకి చూసి కాగితం మీద కప్పు గీయండి. ఏ రేకు దేని మీద ఎక్కిందో, కొక్కేలు ఎక్కడున్నాయో, వైర్లు ఎటు పోయాయో గుర్తుపెట్టండి. మొదట విప్పాల్సిన రేకు మీద ఒకటి అని అంకె వేయండి.